పొరుగు రాజు ఊరికే కత్తి దూస్తుంటే: సివిలైజేషన్ 6లో సమస్య - పరిష్కారం

"పాతిక టర్నులు కూడా కాలేదు, అప్పుడే యుద్ధం ప్రకటించాడు. నేనేం చేశాను?" సివిలైజేషన్ 6 అంటే వంతులవారీగా (ఒక్కో వంతు ఒక టర్ను) రాజ్యం పెంచుకునే కంప్యూటర్ ఆట. అందులో కష్టం లెవెల్ పెంచుకున్నవాళ్లందరూ ముందు అనే మాట ఇదే. నేనూ అన్నాను. ఏమీ చేయకపోవడమే నేను చేసిన తప్పని తెలియడానికి నాలుగైదు రాజ్యాలు పోగొట్టుకోవలసి వచ్చింది. తెరమీద ఆ రాజు ఎంత ఉరిమినా లోపల నడిచేది కోపం కాదు, లెక్క. పక్కన ఎవరున్నారు, వాళ్ల దగ్గర సైన్యం ఎంత ఉంది, అంతే. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

కింద రాసినవి గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు ప్యాక్ కలిపి, సాధారణ వేగంతో ఆడే ఆటకు వర్తిస్తాయి.

సమస్య: ఆట మొదట్లోనే మూడు నాలుగు వారియర్లు వచ్చి రెండో నగరాన్ని పట్టుకుపోతున్నాయి

కారణం సగం లెవెల్‌లోనే ఉంది. ప్రిన్స్ లెవెల్‌లో ఇద్దరూ సమానం. అక్కడి నుంచి పైకి (కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డీటీ) వెళ్లే కొద్దీ కంప్యూటర్‌కు తెలివి పెరగదు, కట్నం పెరుగుతుంది. మనకు ఎప్పుడూ ఒక సెటిలర్ (కొత్త నగరం స్థాపించే గుంపు), ఒక వారియర్. ఇమ్మోర్టల్‌లో వాళ్లకు 2 సెటిలర్లు, 4 వారియర్లు. డీటీలో 3 సెటిలర్లు, 5 వారియర్లు. పైగా పోరాట బలంలో కింగ్ నుంచి డీటీ దాకా వరసగా 1, 2, 3, 4 పాయింట్లు అదనం. అంటే డీటీలో మన వారియర్ బలం 20 అయితే వాళ్లది 24.

మిగతా సగం కారణం మనం. ఉన్న ఒక్క వారియర్‌ను లోకం చూసి రమ్మని పంపేస్తాం, నగరంలో గుడి కడతాం, సెటిలర్ చేస్తాం. తెర పైన నాయకుల బొమ్మల వరస ఉంటుంది కదా, సెట్టింగ్స్‌లో వాటి కింద అంకెలు ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోండి. అందులో సైనిక బలం అంకె ఒక్కటి చూస్తే చాలు. పొరుగువాడిది మీకు మూడు రెట్లు ఉంటే, వాడు వచ్చే దారిలో ఉన్నాడనే అనుకోండి.

పరిష్కారం ఆర్చర్లు (విలుకాళ్లు). ముందుగా ఒక స్లింగర్‌ను (ఒడిసెల విసిరేవాడిని) చేసి, దానితో ఏదైనా శత్రు యూనిట్‌ను చంపించండి. ఆ ఒక్క పనితో ఆర్చరీకి కావలసిన పరిశోధన 40 శాతం తగ్గిపోతుంది. ఆర్చర్ ఒక్కోదానికి 60 ప్రొడక్షన్ (నగరం పని చేసే శక్తి) పడుతుంది. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ అనే సివిక్ (సంస్కృతితో నేర్చుకునే అంశం) పూర్తయితే వచ్చే అగోగే పాలసీ పెట్టుకుంటే ఆ తయారీ 50 శాతం వేగంగా సాగుతుంది. మూడు ఆర్చర్లు చేసేదాకా అద్భుత కట్టడాల జోలికి వెళ్లకండి. పిరమిడ్లు ఎక్కడికీ పారిపోవు. పారిపోయినా నగరం మిగులుతుంది.

ఆర్చర్లు చేయడం ఎంత ముఖ్యమో నిలబెట్టే చోటు అంతకంటే ముఖ్యం. ఒక ఇమ్మోర్టల్ ఆటలో నా రెండో నగరం నది ఒడ్డున ఉండేది. 24వ టర్నులో అవతలి ఒడ్డున మూడు వారియర్లు కనిపించాయి. మొదటిసారి నా వారియర్‌ను నది దాటించి ఎదురు పంపాను. రెండు టర్నుల్లో వాడు పోయాడు, తర్వాత నగరం పోయింది. పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడాను. ఈసారి వారియర్‌ను ఇవతలి ఒడ్డునే ఫోర్టిఫై చేసి (కదలకుండా కాపు పెట్టి), వెనకాల కొండ మీద ఒక ఆర్చర్‌ను, నగరంలో ఇంకొకదాన్ని పెట్టాను. నది దాటడానికే వాళ్ల కదలిక ఖర్చయిపోయేది. దాటకుండా అవతలి నుంచి కొట్టబోతే నష్టం వాళ్లకే. నా ఆర్చర్ బలం 25, వాళ్ల వారియర్‌ది 23. బాణానికి 30కి కాస్త పైన దెబ్బ, ప్రాణం 100. రెండు బాణాలూ ఒకడి మీదే వేస్తే రెండో టర్నుకు వాడు పోతాడు. ఇద్దరి మీద చెరొకటి వేస్తే ఇద్దరూ బతికి ఉండి కొడతారు. మొదటివాడు చచ్చాడు, రెండోవాడు సగం ప్రాణంతో వెనక్కి మళ్లాడు, మూడోవాడు ఏం చేయాలో తెలియనట్టు రెండు టర్నులు నది వెంట అటూ ఇటూ తిరిగాడు. ఈ ఆటలో కంప్యూటర్ అసలు బలహీనత అదే. దండును పంపడం వచ్చు, నడపడం రాదు.

పులిజూదం ఆడినవాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. వెనక గడి ఖాళీగా ఉన్న మేకే పులి నోట పడుతుంది. ఇక్కడా ఒక గడిలో ఒకే పోరాట యూనిట్ నిలుస్తుంది కాబట్టి, ముందు నిలిచినవాడి పక్కన సందు వదిలితే శత్రువు అందులోంచి దూరి ఆర్చర్ మీద పడతాడు. దగ్గరి పోరులో ఆర్చర్ బలం 15 మాత్రమే.

ఒక మినహాయింపు. పొరుగున సుమేర్ ఉంటే లెక్క మారుతుంది. వాళ్ల వార్ కార్ట్ (యుద్ధపు బండి) బలం 30, దానికి ఏ పరిశోధనా అక్కరలేదు. గుర్రాలకు విరుగుడని స్పియర్‌మెన్ (ఈటెవాళ్లు) చేస్తారేమో, దానిమీద ఆ విరుగుడు పారదు. అదృష్టవశాత్తూ వాళ్ల రాజు గిల్గమేష్ స్నేహానికి తొందరగా లొంగే మనిషి. అజ్టెక్‌ల మాంటెజుమా అలా కాదు. తన దగ్గర లేని విలాస వస్తువు మీ దగ్గర ఉంటే చాలు, ముఖం మాడ్చుకుంటాడు. అతని ఈగిల్ వారియర్ బలం 28, దాని చేతిలో ఓడిన మీ సైనికుడు వాళ్ల బిల్డర్‌గా మారే అవకాశం ఉంది. అతనికి ఎదురుగా వారియర్లను పంపడమంటే కూలీలను సరఫరా చేయడమే.

సమస్య: ఏ గొడవా లేదు, అయినా అకస్మాత్తుగా యుద్ధం

అకస్మాత్తు చాలాసార్లు మన అజాగ్రత్తే. ఎవరైనా మిమ్మల్ని బహిరంగంగా ఖండిస్తే, 5 టర్నుల తర్వాత లాంఛనంగా యుద్ధం ప్రకటించే వీలు వాళ్లకు వస్తుంది. ఆ ఖండన ప్రకటనను చిరాకుగా మూసేయకండి, అది నోటీసు. ఆ ఐదు టర్నుల్లో సరిహద్దు నగరంలో ఏం కడుతున్నా ఆపి సైన్యం వైపు తిప్పండి. సర్‌ప్రైజ్ వార్ మాత్రం ఏ నోటీసూ లేకుండా వస్తుంది. దానికి సైనిక బలం అంకె మీద కన్నేయడమే మందు.

అసలు మందు ముందే వేయాలి. కొత్త రాజు ఎదురైన టర్నులోనే 25 బంగారంతో డెలిగేషన్ (దూతల బృందం) పంపండి. ఆలస్యం చేస్తే తీసుకోకపోవచ్చు. అతని పేజీ తెరిస్తే మీరంటే ఎందుకు ఇష్టమో, ఎందుకు కాదో ప్లస్సులూ మైనస్సులుగా ఉంటుంది. ముఖం గుర్తు ఆకుపచ్చగా మారగానే స్నేహ ప్రకటన అడగండి. ఒప్పుకుంటే 30 టర్నులు మీమీద యుద్ధం ప్రకటించలేడు. లెక్క మాత్రం కాగితం మీద రాసుకోండి. ఒకసారి నేను మరిచిపోయి గడువు పొడిగించలేదు. సరిగ్గా 31వ టర్నులో నా ప్రాణస్నేహితుడు కత్తులు పట్టిన దండుతో గుమ్మంలో ఉన్నాడు.

సమస్య: గోడలు కట్టినా నగరం పడిపోతోంది

మేసన్రీ పరిశోధన తర్వాత కట్టే తొలి గోడలకు (ఏన్షెంట్ వాల్స్) 80 ప్రొడక్షన్ పడుతుంది, 100 పాయింట్ల రక్షణ వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, నగరం తనంతట తాను బాణాలు వేయడం మొదలుపెడుతుంది. గోడ లేని నగరం కొట్టలేదు. కత్తి పట్టినవాడు గోడను తంతే దాదాపు ఏమీ కాదు. అయినా వాళ్ల చేతిలో గోడ పోతోందంటే సాధారణంగా దండులో బ్యాటరింగ్ ర్యామ్ (గోడ బద్దలుకొట్టే దూలం) ఉందన్నమాట. అది నగరాన్ని ఆనుకుని ఉన్నంతసేపూ కత్తుల దెబ్బ గోడకు పూర్తిగా తగులుతుంది. దానితో ఒకే గడిలో నిలిచిన సైనికుడిని, అది గోడ దగ్గరికి చేరకముందే, మీ బాణాలన్నీ కలిపి పడగొట్టండి.

ఇంకో సంగతి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. గోడ తనంతట తాను బాగుపడదు. చివరి దెబ్బ తగిలాక 3 టర్నులు ఆగి, ప్రొడక్షన్ పెట్టి మరమ్మతు చేయించాలి. మొదటి దాడి తిప్పికొట్టిన ఉత్సాహంలో అది మరిచిపోతే రెండో దాడికి ఉత్త నగరం దొరుకుతుంది. డిఫెన్సివ్ టాక్టిక్స్ అనే సివిక్ తర్వాత లైమెస్ పాలసీ వస్తుంది, గోడల పని రెట్టింపు వేగంతో సాగుతుంది.

సమస్య: దాడి చేస్తున్నది ఏ రాజూ కాదు, గుర్రాలు వస్తూనే ఉన్నాయి

బార్బేరియన్లు, అంటే ఏ రాజ్యానికీ చెందని దోపిడీ గుంపులు. వాళ్ల స్కౌట్ (వేగు) మీ నగరాన్ని చూస్తే దాని తలపై ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. అది శిబిరానికి తిరిగి చేరిందా, ఇక దండ్లు మొదలు. ఆ స్కౌట్‌ను దారిలోనే చంపండి. చేజారితే శిబిరాన్నే వెతికి తుడిచేయండి.

సమస్య: శాంతి అడిగితే ఒప్పుకోవడం లేదు. ఒప్పుకున్నాక లోకమంతా నామీద పడింది

యుద్ధం మొదలైన 10 టర్నుల దాకా సంధి మాటే రాదు. రోజూ అడిగి ప్రయోజనం లేదు, ఆ పది టర్నులు కాపు కాయండి. శత్రువు యూనిట్లు నాలుగైదు పోయాక చూడండి, తనే సంధి అడుగుతాడు, చేతిలో బంగారం పెట్టుకుని మరీ.

ఈలోపు అతని నగరాలు పట్టుకోవాలన్న ఆశ పుడుతుంది. పట్టుకోవచ్చు, కానీ లెక్కతో. సర్‌ప్రైజ్ వార్ ప్రకటించినవాడి మీద మీకు 150 గ్రీవెన్స్ (ఫిర్యాదు పాయింట్లు) జమ అవుతుంది, లాంఛనంగా ప్రకటిస్తే 100. మీరు పట్టుకునే ప్రతి నగరం ఆ జమను తింటుంది. జమ ఉన్నంతవరకు మిగతా రాజులు పెద్దగా పట్టించుకోరు. అది దాటి ఇంకో నగరం, ఇంకోటి అంటూ పోతే బాధితుడు మీరు కాదు, అతను. అప్పుడే వరసపెట్టి ఖండనలు వస్తాయి. నేను సాధారణంగా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక్క నగరం ఉంచుకుని, అతను ఇచ్చే బంగారం తీసుకుని సంధి చేసుకుంటాను. ఆ బంగారంతో ముందు కొనేది ఆ కొత్త నగరానికి ఒక ఆర్చర్.