పార్టీకి వ్యతిరేకంగా సంఘం తరఫున ప్రకటన వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఎన్నికల కోడ్ వచ్చాక ఉద్యోగ సంఘాలు, రైతు సంఘాలు, కుల సంఘాలు, కాలనీ కమిటీలు తమ డబ్బుతో ఒక పార్టీని విమర్శిస్తూ కరపత్రాలు, టీవీ ప్రకటనలు వేయడం మనకు మామూలే. పార్టీ కాని వాళ్లు పార్టీని విమర్శించకూడదని ఏ చట్టమూ అనదు. చట్టం అడిగేది డబ్బు ఎవరిది, లాభం ఎవరికి అని. ఈ రెండింటికీ జవాబు కాగితం మీద లేనివాళ్లే ఇరుక్కుంటారు. కాబట్టి డిజైన్ కంటే ముందు ఫైలు తయారు చేసుకోండి.

ఎక్కువమంది పొరబడేది ఒకచోట. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ప్రకటనకు ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 171హెచ్. ఈ సెక్షన్‌లో ఉన్నది గెలిపించడం గురించే, ఓడించడం గురించి కాదు. అందుకని ‘మేం తిడుతున్నాం అంతే, ఎవరికీ ఓటు అడగట్లేదు, మాకేం భయం?’ అనుకుంటారు. కానీ కరపత్రాలు, పోస్టర్లకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ అభ్యర్థికి గానీ అభ్యర్థుల బృందానికి గానీ మేలు చేసేదాన్నీ, దెబ్బతీసేదాన్నీ ఒకే గాటన కట్టింది. తిట్టినా దాని కిందికి వస్తారు.

పైగా విమర్శ మేలుగా మారడానికి ఒక్క వాక్యం చాలు. నాలుగు పేరాలు ఒక పార్టీ హామీల గురించి రాసి, చివర్లో ‘ఈసారి ఫలానా గుర్తుకే’ అన్నారంటే అది ఇంకొకరి ప్రచారమే. అలాంటి ప్రకటన అభ్యర్థికి తెలిసి వస్తే అతని ఖర్చులో కలపాలని, తెలియకుండా వస్తే వేసినవాళ్ల మీద కేసు పెట్టాలని ఎన్నికల సంఘం సూచనలున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఖర్చు పరిమితి లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు. మీరు అభిమానంతో పెట్టిన 2 లక్షలు ఆ లెక్కలోకి చేరితే అభ్యర్థే ముందు మిమ్మల్ని ఎరగనంటాడు. అందుకే మీరు విమర్శించే పార్టీకి ప్రత్యర్థిగా ఉన్నవారి పేరు, ఫొటో, గుర్తు, నినాదం, జెండా రంగులు ఏవీ మీ ప్రకటనలో ఉండకూడదు. పార్టీ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వచ్చిన డిజైన్‌ను అలాగే ప్రెస్సుకు పంపడమంటే చేతులారా సాక్ష్యం ఇవ్వడమే.

ప్రెస్సుకు వెళ్లే ముందు

ప్రచురణకర్త, అంటే బాధ్యత తీసుకునే వ్యక్తి, తాను ఎవరో తెలిపే డిక్లరేషన్ మీద సంతకం చేయాలి. తనను వ్యక్తిగతంగా ఎరిగిన ఇద్దరితో దాన్ని ధ్రువీకరించుకుని రెండు ప్రతులు ప్రెస్సుకు ఇవ్వాలి. అది చేతికి రాకుండా ప్రింటర్ పని మొదలుపెట్టకూడదు. అచ్చయిన 3 రోజుల్లోగా ప్రింటర్ డిక్లరేషన్‌తో పాటు నాలుగు కాపీలు, ఎన్ని వేశారు, ఎంత తీసుకున్నారు అన్న వివరాలు పంపాలి. రాజధానిలో అచ్చయితే ముఖ్య ఎన్నికల అధికారికి, మిగతా చోట్ల కలెక్టరుకు. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు చిన్నదే, జైలు మాట చిన్నది కాదు.

చేత్తో రాసిన కాపీ తప్ప, ఏ పద్ధతిలో ప్రతులు తీసినా ముద్రణే అంటుంది 127ఎ సెక్షన్. జిరాక్సు షాపులో తీసిన 200 కాగితాలు కూడా లెక్కలోకి వస్తాయి. సభ తేదీ, సమయం, స్థలం మాత్రమే చెప్పే కరపత్రానికి ఈ బాధ లేదు. కానీ దాని కింద ఒక్క విమర్శ చేర్చినా ఆ మినహాయింపు పోతుంది.

ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు కరపత్రం ముఖం మీదే కనపడాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు చూడండి. డిజైనర్ ఆ లైనును పేజీ అడుగున అంచుకు ఆనించి 5 పాయింట్ల అక్షరాల్లో పెడతాడు. ప్రెస్సులో షీట్లు పేర్చి కటింగ్ మిషన్‌లో పెట్టినప్పుడు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తెగితే చిరునామా పోతుంది, ‘ముద్రణ:’ అన్న మాట సగం మిగులుతుంది. అలాంటి కాగితం ఊళ్లో పంచితే అది పేరులేని కరపత్రమే. లైనును అంచుకు కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి జరపండి, 8 పాయింట్లకు తగ్గించకండి. కటింగ్ అయ్యాక మొదటి కట్ట పైదీ, కింది నుంచి ఒకటీ తీసి చదవండి. ఫ్లెక్సీకి కూడా ఇదే జాగ్రత్త, అక్కడ చువ్వలకు మడిచే అంచులో ఈ లైను దాగిపోతుంది.

కట్టలు ఆటోలో వెళ్లేటప్పుడు బిల్లు, డిక్లరేషన్ జిరాక్సు డ్రైవర్ దగ్గర ఉంచండి. చెక్‌పోస్టులో ఇవే ముందు అడుగుతారు.

టీవీ, కేబుల్, సోషల్ మీడియా

ఇక్కడ నియమానికి పునాది పడింది మన దగ్గరే. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనల నిషేధం మీద జెమినీ టీవీ కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఆ పని చేసేది ఎంసీఎంసీ అని అందరూ పిలిచే మీడియా కమిటీ. రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న సంఘాలు జిల్లా కమిటీ దగ్గరికి కాకుండా రాష్ట్ర స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి.

గడువు దగ్గర జాగ్రత్త. గుర్తింపు పొందిన లేదా రిజిస్టరైన పార్టీలు, అభ్యర్థులు ప్రసారం మొదలయ్యే 3 రోజుల ముందు ఇస్తే చాలు. మిగతావాళ్లకు 7 రోజులు. ఉదాహరణకు 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న జరిగింది. మే 6న ప్రసారం మొదలుపెట్టాలనుకున్న సంఘం ఏప్రిల్ 29కల్లా దరఖాస్తు ఇచ్చి ఉండాలి. దరఖాస్తుతో ప్రకటన రెండు కాపీలు, అందులోని మాటలన్నీ రాసి అటెస్ట్ చేయించిన ప్రతి, తయారీ ఖర్చు, ఎన్నిసార్లు వేస్తారు, ఒక్కోసారికి ఎంత అన్న లెక్క జతచేయాలి. చెల్లింపులన్నీ చెక్కు లేదా డీడీ రూపంలోనే చేస్తామని రాసివ్వాలి.

అసలు బరువు ప్రమాణపత్రంలో ఉంది. ఈ ప్రకటన ఏ పార్టీ, అభ్యర్థి ప్రయోజనం కోసమూ కాదని, వారెవరూ దీన్ని వేయించలేదని, డబ్బు ఇవ్వలేదని సంతకం చేసేవారు ప్రమాణం చేయాలి. సంఘం ఖాతాలోకి వారం కిందట పార్టీ నాయకుడి నుంచి ‘విరాళం’ వచ్చి ఉంటే ఆ సంతకం చేయకండి, మీ కార్యదర్శి చేత చేయించకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూడటం ఎవరికైనా నిమిషం పని.

ఎడిట్ చేశాక మళ్లీ ధ్రువీకరణ కావాలి. 30 సెకన్ల ప్రకటనకు అనుమతి తీసుకుని దాన్ని 20కి కోసి వేసినా అది వేరే ప్రకటనే. సోషల్ మీడియా, ప్రైవేటు ఎఫ్‌ఎం, సినిమా హాలు, ఈ-పేపర్, మూకుమ్మడి ఎస్సెమ్మెస్, వాయిస్ మెసేజ్‌లకూ ముందస్తు ధ్రువీకరణ ఉండాలి. గూగుల్ ఈ పత్రం లేకుండా ఎన్నికల ప్రకటన తీసుకోదు. మెటాలో ఎవరు చెల్లించారో చూపే లైను తప్పనిసరి, ఆ ప్రకటన ఏడేళ్లు వాళ్ల లైబ్రరీలో అందరికీ కనపడుతుంది.

ఆఖరి రెండు రోజులు

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు టీవీ, సినిమా లాంటి సాధనాల్లో ఎన్నికల విషయం ఆగిపోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. 2024లో మే 11 సాయంత్రం 6కి ప్రచారం ముగిసింది. దినపత్రికలకు ఈ నిషేధం లేదు. కానీ పోలింగ్ రోజు, దాని ముందు రోజు వచ్చే పత్రికా ప్రకటనలకు ఎంసీఎంసీ ధ్రువీకరణ కావాలి. ‘పేపర్లో వేయొచ్చుగా’ అని అర్ధరాత్రి పేజీ పంపేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

ఏం రాయొచ్చు

విమర్శ పార్టీ విధానాలకు, కార్యక్రమాలకు, చేసిన పనికి పరిమితం కావాలన్నది కోడ్ నియమం. ఫలానా హామీ ఇచ్చి నెరవేర్చలేదని తేదీ, జీవో నంబరుతో రాయండి. నాయకుడి ఇంటి విషయాలు, రుజువు లేని ఆరోపణలు, కులమతాలు, సైనికుల ఫొటోలు వద్దు. అభ్యర్థి వ్యక్తిగత ప్రవర్తన గురించి అబద్ధమని తెలిసీ రాస్తే న్యాయ సంహిత 175 ఉంది, పరువునష్టం వేరే. ఎవరి గొంతునైనా ఏఐతో సృష్టించి వేయడం అసలే వద్దు.

అమెరికా, గల్ఫ్ మిత్రుల నుంచి చందా తీసుకునే సంఘాలు ముందు ఏ దేశపు పాస్‌పోర్టో అడగాలి. భారత పౌరుడు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డున్న విదేశీ పౌరుడి డబ్బు విదేశీ మూలమే. అది ఈ ఖాతాలోకి రానివ్వకండి, వస్తే వాడకుండా వెనక్కి పంపి ఆ రసీదు ఫైల్లో పెట్టండి.