సిరిమాను సెలవులయ్యాక రోబో సెల్ ఆన్ చేసే ముందు

విజయనగరం, బొబ్బిలి వైపు గేర్ షాపుల్లో, గేర్ కోసే మెషిన్‌లోకి రోబోతో బ్లాంకులు (పళ్లు కోయని గేర్ ముక్కలు) పెట్టించేవాళ్లకు:

- హాబ్ (గేర్ పళ్లు కోసే కట్టర్) వెనక్కి వచ్చిందన్న సిగ్నల్ నిజమేనా? సెన్సర్ మీద ఇనప రజను పేరుకుంటే, హాబ్ ముందుకే ఉన్నా లైటు వెలుగుతుంది. రోబో చెయ్యి లోపలికెళ్లిందా, గ్రిప్పరూ (రోబో పట్టుకునే వేళ్లు) హాబూ రెండూ పోతాయి, స్పిండిలుకూ దెబ్బే. తుడిచి, మెషిన్‌ను మాన్యువల్ మోడ్‌లో పెట్టి హాబ్ జరిపి ప్యానెల్లో సిగ్నల్ మారుతోందో చూడండి. రోబో మొదటి సైకిల్ టీచ్ మోడ్‌లోనే (చేతి పెండెంట్‌తో నెమ్మదిగా నడిపే మోడ్), సెకనుకు 250 మి.మీ. లోపు.

- రోబో ఎన్‌కోడర్ (కీళ్ల స్థానం గుర్తుంచుకునే భాగం) బ్యాటరీ అలారం వస్తే, చాలా కంపెనీల రోబోల్లో కంట్రోలర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. ఆపి తీస్తే సున్నా స్థానం పోయి మళ్లీ మాస్టరింగ్ (ఆ స్థానం కొత్తగా సెట్ చేయడం) చేయాలి.

- ఆర్బర్ (బ్లాంకు కూర్చునే ఇరుసు) ముఖం తుడవండి. చిన్న ముక్క అడ్డున్నా బ్లాంకు వాలుతుంది, రనౌట్ (తిరిగేటప్పుడు ఊగడం) వస్తుంది.

- కంప్రెసర్ ట్యాంకు నీళ్లు వదలండి. ఈ వానల తేమకి వాల్వు పట్టేస్తే గ్రిప్పర్ జారుతుంది.