చలికాలపు వెలుగు - పాఠం 4: పొగమంచులో అతుక్కుపోయే ఆకారాలు

ఈసారి నేరుగా కంపోజిషన్‌లోకి, అంటే ఫ్రేములో దేన్ని ఎక్కడ ఉంచాలన్న దాంట్లోకి, వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి తీసిన పొగమంచు ఫొటోలు చాలామందికి బూడిదరంగులో వచ్చాయి. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు అందాలన్నది, కెమెరాకే వదిలేయమన్నది నేనే. మంచులో ఆ మాట చెల్లదు. కెమెరా మీటర్ దేన్నయినా మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది, తెల్లటి మంచు కనబడగానే వెలుగు తగ్గించేస్తుంది. కెమెరా ఎంచిన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, దాన్ని +1 పెట్టండి. హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫ్) కుడివైపు జరగాలి, అంచుకు మాత్రం తగలకూడదు. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే పొద్దుటి పసుపుదనం పోతుంది. నేనైతే దాన్ని డేలైట్ సెట్టింగ్‌లోంచి కదపను.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టే పొరపాటు. మంచులో రంగులు, వివరాలు చెరిగిపోయి ఆకారాలే మిగులుతాయి. రెండు ఆకారాలు అంటుకున్నాయంటే చూసేవాళ్లకు అవి ఒకటే ముద్ద. మనిషి తల సరిగ్గా చెట్ల వరుస పైఅంచుకు తగులుతుంది. ముందు చెట్టు కొమ్మ వెనక చెట్టు మానులోంచి మొలిచినట్టుంటుంది. నడిచే మనిషి రెండు కాళ్లూ కలిసిన క్షణంలో నొక్కితే గుంజ నిలబెట్టినట్టు వస్తుంది. ఆవు కొమ్ము ఫ్రేము అంచును తాకితే చూపు అక్కడే ఇరుక్కుంటుంది. అయితే పూర్తిగా లోపల ఉంచండి, లేదా గట్టిగా కోసేయండి.

దీనికి జూమ్ మందు కాదు. నిలబడ్డచోటే జూమ్ చేస్తే అంటుకున్నవి అంటుకున్నట్టే పెద్దవవుతాయి. కాళ్లు కదలాలి. మీరు ఒక అడుగు ఎడమకు వేస్తే దగ్గరి చెట్టు ఫ్రేములో కుడికి చాలా జరుగుతుంది, దూరపుది కొంచెమే. ఆ తేడాలోనే మధ్యన ఖాళీ పుడుతుంది. తల చెట్ల వరుసకు తగులుతుంటే మోకాళ్ల మీద కూర్చోండి, తల ఆకాశంలోకి లేస్తుంది. ఆ ఖాళీ సన్నగా ఉన్నా సరే, ఉండాలి. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే మూడో వంతుల గీతల కన్నా నాకు ఇదే ముఖ్యం.

ఫోకస్ కుదరక లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుకుతుంటే నల్లటి మాను అంచు మీద పెట్టండి.

అభ్యాసం: ఒకే చెట్టు, మూడు ఉదయాలు, రోజుకు పన్నెండు ఫొటోలు. జూమ్ వద్దు. నొక్కేముందు ప్రతిసారీ ఫ్రేము నాలుగు అంచులూ కళ్లతో చుట్టి రండి. ఏదీ చెరపకండి, వచ్చే పాఠంలో ఆ ముప్పై ఆరూ కావాలి.