బుకింగ్‌లు లింక్ చేయించాం కదా అని నిశ్చింతగా ఉండకండి

కొత్తగా అమెరికా వచ్చి, మొదటిసారి ఇంట్లోవాళ్లను తీసుకొస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రాస్తున్నాను. టికెట్ ఎక్కడ చౌకగా దొరుకుతుంది, పెట్టెలో ఎన్ని కిలోలు పడతాయి, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. ఒకే విమానంలో కలిసి వెళ్లే ఇద్దరికి టికెట్లు విడివిడిగా ఉండి, అందులో ఒకరికే ఎయిర్‌లైన్ స్టేటస్ (తరచూ తిరిగేవాళ్లకు ఎయిర్‌లైన్ ఇచ్చే గోల్డ్ లాంటి కార్డు) ఉంటే ఏమవుతుందన్న దాని మీదే నా బెంగంతా.

ఈ మధ్యే మా అపార్ట్‌మెంట్స్‌లో ఉండే ఒక కుర్రాడు వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆఫీసు పనిమీద బాగా తిరుగుతాడు కాబట్టి అతనికి గోల్డ్ కార్డు ఉంది. తన టికెట్ పాయింట్లతో తీశాడు, అమ్మగారిది డబ్బు పెట్టి కొన్నాడు. ముందే ఫోన్ చేసి రెండూ లింక్ చేయించాడు. దారిలో మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది. దిగి ఫోన్ ఆన్ చేసేసరికి అతనికి ఆ రాత్రికే వేరే విమానంలో సీటు వచ్చి ఉంది. ఆవిడకు మర్నాడు మధ్యాహ్నం. మోకాళ్ల నొప్పుల మనిషి, తెలుగు తప్ప వేరే భాష రాదు. "లింక్ చేశారు కదండీ" అని కౌంటర్ దగ్గర అడిగితే అక్కడి ఉద్యోగి స్క్రీన్ ఇటు తిప్పి చూపించారట. అమ్మగారి బుకింగ్ అడుగున ఒక వరుస: టీసీపీ అనే మూడక్షరాలు, ఒక అంకె, పక్కన ఇతని పీఎన్ఆర్. అంతే.

లింక్ అంటే ఆ ఒక్క వరుసే. "వీళ్లతో పాటు ఫలానా పీఎన్ఆర్‌లో ఉన్నవాళ్లు కూడా వస్తున్నారు" అని రాసిపెట్టడం. రైలు పెట్టెలకు కొక్కెం వేసి కలిపినట్టు కాదు. ఒకటి కదిలితే రెండోది వెంట రాదు. ఆ వరుసను ఎవరో ఒక మనిషి చూసి, చదివి, పట్టించుకోవాలి. విమానం తప్పిపోయినప్పుడు కొత్త సీట్లు ముందుగా వెతికేది కంప్యూటర్. అది ఒక్కో పీఎన్ఆర్‌ను విడిగా తీసుకుంటుంది, స్టేటస్ ఉన్నవాళ్లకు ముందు సీటు చూస్తుంది. అంటే మీ కార్డు ఎంత పెద్దదైతే మీరు మీ అమ్మగారి నుంచి విడిపోయే ప్రమాదం అంత ఎక్కువ. కార్డు చేతికి వచ్చిన రోజున ఈ మాట ఎవరూ చెప్పరు.

కాబట్టి వీలున్నంతవరకూ ఒకే పీఎన్ఆర్‌లో తీయండి. ఒక పీఎన్ఆర్‌లో ఉన్న నలుగురిని తర్వాత రెండుగా విడగొట్టడం ఎయిర్‌లైన్‌కు చిటికెలో పని. విడిగా కొన్న రెండింటిని ఒకటి చేయడం మాత్రం కుదరదు, రద్దు చేసి మళ్లీ కొనాల్సిందే. విడివిడిగా కొనేసి ఇప్పుడు ఇది చదువుతున్నారా? అమెరికాకు రాకపోకలు సాగించే విమానాలకు, ప్రయాణం ఇంకా 7 రోజులో అంతకన్నా ఎక్కువో ఉండగా ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే డబ్బంతా వెనక్కి వస్తుంది. ఇది అమెరికా రవాణా శాఖ పెట్టిన నియమం. టికెట్ కొనకముందే ధరను 24 గంటలు పట్టి ఉంచే పద్ధతి ఎయిర్‌లైన్ ఇస్తే మాత్రం ఇది వర్తించదు. ఆ గడువులో ఉంటే ఇప్పుడే లేచి ఆ పని చూడండి.

విడిగా కొనక తప్పని సందర్భాలు ఉంటాయని నాకూ తెలుసు. హెచ్-1బీ మీద వచ్చేవాళ్లకు కంపెనీ టికెట్ తీస్తుంది, హెచ్-4 మీద వచ్చే భార్యాపిల్లలకు మనం తీసుకుంటాం. ఒకరికి పాయింట్ల టికెట్ దొరుకుతుంది, రెండోవాళ్లకు దొరకదు. నలుగురికి కలిపి వెతికితే ఒక ధర, ఇద్దరిద్దరికి వెతికితే అంతకంటే తక్కువ ధర కనిపిస్తుంది. చౌక ధరలో రెండే సీట్లు మిగిలుంటే, నలుగురినీ కలిపి అడిగినప్పుడు అందరికీ పై ధరే వేస్తారు మరి. ఆ తేడా యాభై డాలర్లయితే మాత్రం దయచేసి దానికోసం విడగొట్టకండి. ఇంటిల్లిపాదికీ ఒక పూట భోజనం ఖర్చు అది. దానికోసం పిల్లల్ని ఒక బుకింగ్‌లోనూ మిమ్మల్ని ఒక బుకింగ్‌లోనూ పెట్టడమేమిటి? పన్నెండేళ్లలోపు పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్లు ఉన్న పీఎన్ఆర్‌లోనే ఉండాలి. ఒడిలో కూర్చునే పసిబిడ్డ ఎవరి ఒడిలో ఉంటుందో వాళ్ల బుకింగ్‌లోనే ఉండాలి.

నేను వచ్చిన కొత్తలో మాదీ ఇదే పరిస్థితి. నా టికెట్ కంపెనీ తీసింది, మా ఆవిడకూ పాపకూ నేను తీశాను. ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఎయిర్‌లైన్ వేళలు మార్చింది. నా విమానం మర్నాటికి జరిపారు. ఆ మెయిల్ కంపెనీ ట్రావెల్ డెస్క్‌కు పోయింది, నాకు రాలేదు. మా ఆవిడ టికెట్ పాత తేదీకే ఉండిపోయింది. లింక్ ఉంది, ఎవరూ చూడలేదు. అది సరిచేయించడానికి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోన్లో హోల్డ్ సంగీతం వింటూ ఎన్ని మధ్యాహ్న భోజనాలు మానేశానో. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, పైన ఇదొకటి. మీకు ఆ పాట్లు వద్దనే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక స్టేటస్ సంగతి. కొన్ని సౌకర్యాలు కార్డు ఉన్న మనిషికే. కొన్ని ఒకే విమానంలో పక్కనున్నవాళ్లకు కూడా. కొన్ని ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే. ఈ మూడూ కలగలిపేసి "నాకు గోల్డ్ ఉంది, అమ్మకు కూడా వస్తుంది" అనుకుంటారు. స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమి గోల్డ్ కార్డు ఉంటే అదే విమానంలో వెళ్లే ఒక అతిథిని లాంజ్‌లోకి (ఎయిర్‌పోర్టులోని ప్రత్యేక విశ్రాంతి గదిలోకి) తీసుకెళ్లొచ్చు, దానికి ఒకే పీఎన్ఆర్ అక్కర్లేదు. వన్‌వరల్డ్ అనే ఇంకో కూటమి ఇచ్చే సఫైర్, ఎమరాల్డ్ కార్డులకూ ఒక అతిథే. స్టార్ గోల్డ్‌కు వచ్చే అదనపు లగేజీ, అంటే బరువు లెక్కైతే 20 కిలోలు, పెట్టెల లెక్కైతే ఇంకో పెట్టె, కార్డు ఉన్నవాళ్లకే, అమ్మానాన్నలకు కాదు. మంచి సీట్లు ఉచితంగా ఎంచుకోవడం, అమెరికా లోపలి విమానాల్లో పెట్టెల ఫీజు మాఫీ లాంటివి అమెరికా ఎయిర్‌లైన్లు తోడు వచ్చేవాళ్లకు కూడా ఇస్తాయి. కానీ ఒకే రిజర్వేషన్‌లో ఉంటేనే అని నిబంధనల్లో రాసి ఉంటుంది. లింక్ చేయించాక ఒక మంచి ఏజెంట్ ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూవచ్చు. దాని మీద ఆశ పెట్టుకోకుండా అమ్మగారి పక్క సీటు డబ్బు కట్టి తీసుకోండి. కార్డు ఏ కూటమిదో కూడా చూసుకోండి. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, కాబట్టి స్టార్ గోల్డ్ కార్డు అక్కడ చెల్లదు. మీ మెంబర్‌షిప్ నంబరు అమ్మగారి బుకింగ్‌లో వేస్తే పనవుతుందని ఎవరైనా అంటే వినకండి. పేరు కలవదు. ఆవిడకు ఆవిడ పేరుతో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబరే వేయండి.

లింక్ చేయించేటప్పుడు ఎవరికి ఫోన్ చేస్తున్నారో చూసుకోండి. టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్ ఒకటి, విమానం నడిపేది మరొకటి అయితే రెండింటి దగ్గరా పీఎన్ఆర్‌లు వేరుగా ఉంటాయి. విమానం నడిపే వాళ్ల పీఎన్ఆర్ కనుక్కుని వాళ్లతో కూడా ఆ వరుస రాయించండి. అమీర్‌పేటలోనో హిమాయత్‌నగర్‌లోనో ఏజెంట్ దగ్గర తీయించిన టికెట్ అయితే ముందు ఏజెంట్‌నే అడగండి, తర్వాత ఎయిర్‌లైన్‌కు చేయండి. నీ బుకింగ్‌లో నాది, నా బుకింగ్‌లో నీది, రెండు వైపులా రాశారా అని అడిగి, రాసింది చదివి వినిపించమనండి. మొహమాటపడకండి. అప్పుడే రెండు బుకింగ్‌లలోనూ మీ ఫోన్ నంబరు, మీ మెయిల్ పెట్టించండి. చాలామంది పెద్దవాళ్ల టికెట్లలో ఏజెంట్ నంబరే ఉంటుంది. విమానం మారితే ఆ కబురు ఆయనకు పోతుంది, ఆ వేళకు ఆయన నిద్రపోతుంటాడు. వీల్‌చెయిర్ కూడా మనిషికి ఒకటి చొప్పున విడిగా అడగాలి. అమ్మ బుకింగ్‌లో పెడితే నాన్నకు వచ్చినట్టు కాదు.

ప్రయాణం రోజున ఇద్దరూ ఒకే కౌంటర్‌కు వెళ్లండి. ఎవరి పెట్టెలు వాళ్ల పేరు మీదే వేయించుకోండి. మీకు అదనంగా వచ్చే పెట్టె మీ పేరు మీద ఉంటే చాలు. నాన్నగారి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, ప్రిస్క్రిప్షన్ ఆయన చేతి సంచిలోనే ఉండాలి, మీ బ్యాక్‌ప్యాక్‌లో కాదు. పాస్‌పోర్టులు కూడా అంతే, "అన్నీ నా దగ్గరే భద్రం" అని పోగేసుకోకండి. విజయవాడ నుంచో వైజాగ్ నుంచో దేశీయ విమానం విడిగా కొని ఉంటే, అక్కడ మామూలుగా 15 కిలోలే ఇస్తారు. అమెరికా టికెట్‌కు సాధారణంగా వచ్చే రెండు 23 కిలోల పెట్టెలు అక్కడ చెల్లవు.

విమానం తప్పిపోయిందే అనుకోండి. యాప్‌లో "మీకు కొత్త సీటు" అని వచ్చిన వెంటనే ఒప్పుకునే బటన్ నొక్కకండి. ముందు అమ్మగారి బుకింగ్ తెరిచి ఆవిడను ఎక్కడ వేశారో చూడండి. విడగొట్టి ఉంటే, స్టేటస్ ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రత్యేక నంబరుకు ఫోన్ చేసి, అదే సమయంలో కౌంటర్ లైనులో కూడా నిలబడండి. మీ నంబరు చెప్పగానే రెండో పీఎన్ఆర్ కూడా చెప్పండి. "మేమిద్దరం విడిపోకూడదు, ఇద్దరికీ సీట్లున్న విమానమే చూడండి, ఆలస్యమైనా సరే" అనండి. ఆవిడను మీ విమానంలోకి ఎక్కించడం కష్టం, అందులో చివరి సీటు మీకిచ్చేసి ఉంటారు. మిమ్మల్ని ఆవిడ విమానంలోకి దింపడం తేలిక. ఆ రాత్రే చేరాలన్న ఆత్రంలో ఈ దారి చాలామందికి తట్టదు. మార్చాక ఇద్దరికీ టికెట్ మళ్లీ జారీ అయిందా అని అడగండి, సీటు కనిపించినంత మాత్రాన టికెట్ ఉన్నట్టు కాదు. వీల్‌చెయిర్, శాకాహార భోజనం కొత్త విమానానికి రాకపోవచ్చు, మళ్లీ చెప్పించండి. అమెరికా వీసా స్టాంప్ గడువు దాటిపోయి ఇండియా వెళ్తున్నవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో లండన్ మీదుగానో పంపిస్తామంటే, ఊ అనే ముందు ట్రాన్సిట్ వీసా (ఆ దేశంలో విమానం మారడానికి కావాల్సిన వీసా) సంగతి చూసుకోండి. తోడొచ్చినవాళ్లకు సరిపోయిన దారి మీకు సరిపోకపోవచ్చు.

మీరు వెళ్లలేక, అమ్మానాన్నలకు తోడు కోసం వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు కదా, అక్కడ ఒక మాట. టికెట్ ఫొటో గ్రూపులో పెట్టకండి. పీఎన్ఆర్, ఇంటిపేరు రెండూ తెలిస్తే ఎవరైనా ఆ బుకింగ్ తెరవగలరు, రద్దు కూడా చేయగలరు. తేదీ, విమానం నంబరు చాలు. తోడు కుదిరాక ఆయనతో ఫోన్లో మాట్లాడి, ఆయన ఒప్పుకుంటేనే లింక్ చేయించండి. ఆయనకు గోల్డ్ ఉందని తెలిసి లాంజ్ మాట ఎత్తకండి, అతిథి ఒక్కరికే అనుమతి, మీవాళ్లు ఇద్దరు. అమ్మను లోపలికి పంపి నాన్నను బయట కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తుంది. ఆ పెద్దమనిషి విమానం మారేచోట గేటు చూపించి, ఇమిగ్రేషన్ దగ్గర కాస్త సాయం చేస్తే అదే పదివేలు. దారిలో వాళ్లు విడిపోతే ఆయన తన దారిన తాను పోతాడు, పోవాలి కూడా. ఆయన్ని తప్పుపట్టకండి.

ఇంత చదివి భయపడిపోయి టికెట్లు రద్దు చేసుకోకండి మళ్లీ. ఎక్కువ ప్రయాణాల్లో ఇవేవీ జరగవు. లింక్ చేయించడం ఒక్క ఫోన్ కాల్ పని, చేయించుకోవడం చేయించుకోకపోవడం కంటే నయమే. కౌంటర్‌లో మనిషి ఎదురుగా ఉంటే, పెద్దావిడను చూసి ఆ వరుసను పట్టించుకునేవాళ్లే ఎక్కువ. మా అపార్ట్‌మెంట్స్ కుర్రాడిని, అమ్మగారిని కూడా చివరికి ఆ మధ్యాహ్నపు విమానంలోనే కలిపి పంపారు. రాత్రంతా కుర్చీల్లో కూర్చున్నారు, అంతే. ఆవిడ దిగగానే అడిగింది పెట్టెల గురించి, కాళ్ల నొప్పుల గురించి కాదు.

ఫోన్ చార్జింగ్ అయిపోతే పనికొచ్చేలా ఒక కాగితం రాసి పెద్దవాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి. వాళ్ల పీఎన్ఆర్, మీ పీఎన్ఆర్, విమానాల నంబర్లు, మీ ఫోన్ నంబరు దేశం కోడ్‌తో సహా, "నేను మా అబ్బాయితో కలిసి ప్రయాణిస్తున్నాను, వీల్‌చెయిర్ కావాలి" అని ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని కిందే తెలుగులో. పెద్ద అక్షరాలతో రాయండి, కళ్లజోడు పెట్టెలో ఉండిపోయినా కనపడాలి.