కాన్పుకు ముందు లేబర్ రూమ్‌లో సరిచూసుకోవాల్సినవి

– అన్నిటికన్నా ముందు రక్తస్రావం సంగతి. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే మాయ ఊడిన చోట రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. నిమిషాల్లో పరిస్థితి చెయ్యి దాటుతుంది. గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు సిద్ధంగా ఉంచండి. కడుపులో రెండో బిడ్డ లేదని తేల్చుకుని, కాన్పైన నిమిషంలోపు కండకు ఇవ్వాలి. ఆంపూల్ 2–8 డిగ్రీల చలిలోనే ఉందా? వేడికి పాడైన మందు చూడ్డానికి బాగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

– పోయిన రక్తాన్ని కంటితో అంచనా కట్టొద్దు. ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. కొలత గీతలున్న షీటు పరవండి. ధారగా కారుతుంటే 500 మిల్లీలీటర్లు నిండేదాకా చూస్తూ కూర్చోకండి.

– రక్తం ఎక్కువగా పోతుంటే, దాన్ని ఆపే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము. కాన్పైన 3 గంటల్లోపే.

– హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు కేస్ షీటులో రాసి ఉండాలి. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువుంటే రక్తం ముందే తెప్పించండి. ఆమె కొద్దిపాటి స్రావాన్నీ తట్టుకోలేదు.

– బీపీ 160/110 లేదా ఆపైన, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు: ఫిట్స్ రావొచ్చు. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్, ఆ మందు ఎక్కువైతే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కపక్కనే ఉంచండి.

– శుభ్రమైన చేతులు, కొత్త గ్లౌజులు. లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. ఊరికే చేస్తే ఇన్‌ఫెక్షన్.

– పెద్దాసుపత్రికి పంపాల్సొస్తే బండి, డ్రైవరు ఇప్పుడే అందుబాటులో ఉన్నారా?