విజన్ సైన్స్ సీటుకు ఫీజు కట్టే ముందు జాగ్రత్తలు

ముందు ఒక్కటి తేల్చుకోండి: విజన్ సైన్స్, అంటే కంటిచూపు గురించి చదివే డిగ్రీ, చేతికొస్తే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే అర్హత వస్తుందా? చాలాచోట్ల విజన్ సైన్స్ ఒక్కటే చదివితే రాదు. అమెరికాలో డిగ్రీ తర్వాత సాధారణంగా మరో 4 ఏళ్ల ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే వృత్తి డిగ్రీ) కోర్సు, ఆపైన లైసెన్సు పరీక్షలు ఉంటాయి. ఆస్ట్రేలియాలో విజన్ సైన్స్‌ను, ఆప్టోమెట్రీ మాస్టర్స్‌ను కలిపి చదివించే కోర్సులున్నాయి. వాటిలో మొదటి భాగంతో ఆగిపోతే ప్రాక్టీసు కుదరదు. అందుకే కోర్సు పేరు చూసి సంబరపడొద్దు. మీరు ప్రాక్టీసు చేయాలనుకునే దేశంలో రిజిస్ట్రేషన్‌కు ఆ కోర్సు చెల్లుతుందో లేదో మీరే చూసుకోండి. ఇది వదిలేసి ఏళ్లు పోగొట్టుకునేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

విజన్ సైన్స్ తర్వాత ఓడీ, మాస్టర్స్ లాంటి పైచదువులోకి వెళ్లడానికి మార్కుల షరతు ఉంటే రాతపూర్వకంగా తీసుకోండి.

ఫిజిక్స్‌లో కాంతి పాఠాలు మళ్లీ తిరగేయండి. కంట్లోకి వెలుగు వేసి అద్దాల పవర్ కొలిచే రెటినోస్కోపీనే తీసుకోండి. చీకటి గదిలో, పేషెంటు కంటికి 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, కంటిపాపలో కదిలే ఎర్రటి వెలుగు గీతను చూస్తూ లెన్సులు మారుస్తారు. కదలిక ఆగి పాప నిండా వెలుగు పరుచుకున్నాక, వచ్చిన పవర్‌లోంచి 1.5 డయాప్టర్లు (లెన్సు పవర్‌ను కొలిచే యూనిట్) తీసేయాలి. 1ని 0.67 మీటర్లతో భాగిస్తే వచ్చేదే ఆ 1.5 అని అర్థమైతే టెన్షన్ ఉండదు. బట్టీ పడితే ప్లస్, మైనస్ గుర్తుల దగ్గరే తడబడతారు.

రంగుల పరీక్షతో సహా మీ కళ్లు చూపించుకోండి. వీలైతే ఒక క్లినిక్‌లో అనుమతి అడిగి, ఒక పూట పక్కన కూర్చుని చూడండి. "ఇది బాగుందా, అది బాగుందా" అని రోజంతా ఓపికగా అడగడం మీకు నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.