ఇప్పపువ్వు: చెట్టు కింద ఊడ్చిన దగ్గర నుంచి లడ్డు, నూనె దాకా

ఆదిలాబాద్ వైపు గోండులు, కొలాములు, నాయకపోడులు, భద్రాచలం, ములుగు అడవుల్లో కోయలు, పాపికొండల్లో కొండరెడ్లు. వీళ్ల భాషలు వేరు, వేల్పులు వేరు, ఇల్లు కట్టే తీరూ వేరు. ఎండలు ముదిరే వేళకు మాత్రం అందరి గంపల్లోనూ ఇప్పపువ్వే ఉంటుంది. బయటివాళ్లకు ఇప్ప అనగానే సారా గుర్తొస్తుంది. అడవి ఊళ్లలో అది ముందు తిండి. వానాకాలంలో గాదెలు ఖాళీ అయ్యాక ఇళ్లను ఆదుకున్న తిండి. పువ్వు తిండిగా నిలుస్తుందా, సారాకు తప్ప పనికిరాకుండా పోతుందా అన్నది అది నేల రాలిన మొదటి ఆరేడు గంటల్లోనే తేలిపోతుంది. అందుకే ఇక్కడ వంట కన్నా ఏరడం, ఎండబెట్టడం గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు చెట్టు ఎవరిదో తెలుసుకోవాలి. చేలో ఉన్న చెట్టు ఆ చేను వాళ్లది. అడవిలో ఉన్నదానికి కూడా చాలా ఊళ్లలో ఫలానా ఇంటిదని కట్టుబాటు ఉంటుంది. అడగకుండా గంప పట్టుకుని వెళితే తగువు తప్పదు. కొత్త పువ్వు వేల్పుకు పెట్టకముందు నోట పెట్టుకోని ఊళ్లు ఇంకా ఉన్నాయి. పండుగ రోజు ఊరి పెద్దలు చెప్పేదాకా ఆగండి. అడవిలో ఏరుకునే హక్కు విషయానికొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ప్రకారం సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సేకరించి అమ్ముకునే హక్కు అక్కడి అటవీ గిరిజనులకు, తరతరాలుగా అడవి మీద బతికే ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఉంది.

ఇప్ప పదేళ్లు దాటితే గానీ సరిగా పూయదు. ఆకు రాలిపోయి, కొమ్మల చివర గుత్తులు వేలాడుతుంటే పువ్వు రాలే రోజులు దగ్గరపడ్డట్టే. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. ఒక్కో చెట్టు మూడు నాలుగు వారాల పాటు రాలుస్తుంది. ముదురు చెట్టు మంచి ఏడాదిలో క్వింటాలు పచ్చిపువ్వు ఇస్తుంది. పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజాము నుంచి రాలడం మొదలుపెడుతుంది, పొద్దెక్కేసరికి ఆగిపోతుంది. ఎలుగుబంటికి ఈ పువ్వంటే ప్రాణం. కాబట్టి చీకట్లో ఒంటరిగా వెళ్లొద్దు. వెలుతురు వచ్చాక, మాట్లాడుకుంటూ, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.

నేల సిద్ధం చేయడం

ఎండుటాకుల్లో లేతపసుపు పువ్వు కనపడదని చెట్టు కింద నిప్పు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పని తేలికవుతుంది, నిజమే. కానీ ఆ మంటలో ఇప్ప మొలకలు కాలిపోతాయి. పాత చెట్లు పోతే వాటి స్థానంలో కొత్తవి ఉండవు. మొదలు దగ్గర బెరడు కమిలిన చెట్టు బలహీనపడుతుంది. మార్చి గాలికి నిప్పు అడవిలోకి పాకితే ఆపేవాళ్లుండరు. పైగా పువ్వుకు బూడిద, బొగ్గు అంటుకుంటాయి. తడి పువ్వుకు అంటిన బూడిద ఎంత కడిగినా పూర్తిగా పోదు.

దాని బదులు రాలడం మొదలవడానికి వారం ముందు కొండచీపురుతో, కట్టెపారతో కొమ్మల నీడ పడినంత మేర ఊడ్చండి. ఊడ్చిన ఆకును చేలో గుంటలో వేస్తే ఎరువవుతుంది. తర్వాత రోజు విడిచి రోజు మళ్లీ ఊడ్చాలి.

తినడానికే ఏరుతుంటే ఇంతకన్నా మంచి పద్ధతి వల. చెట్టు చుట్టూ కర్రలు పాతి, నడుమెత్తులో షేడ్‌నెట్ కట్టండి. అంచులు ఎత్తుగా, మధ్య కాస్త పల్లంగా ఉంటే పువ్వు అక్కడికి జారి పోగవుతుంది. పువ్వు చిన్నది, వల కన్ను అంతకన్నా చిన్నగా ఉండాలి. పెద్ద కన్నుల చేపల వల దీనికి చాలదు. షేడ్‌నెట్ లేకపోతే పాత నూలు చీరలు నాలుగైదు కలిపి కుట్టినా చాలు. వలలో పడ్డ పువ్వుకు మట్టి, ఇసుక, పశువుల పేడ తగలవు. ఇసుక అంటిన పువ్వుతో చేసిన లడ్డు పంటి కింద కరకరలాడుతుంది, ఒక్కసారి అలా తిన్నవాళ్లు రెండోసారి కొనరు.

ఏరడం

పొద్దున్నే ఏరి, ఎండ చురుక్కుమనేలోపు ఇంటికి చేరాలి. నిన్న రాలి మిగిలిపోయిన పువ్వు గోధుమరంగులోకి తిరిగి, మెత్తబడి, పుల్లటి వాసన వేస్తుంది. అది నాలుగు గుప్పెళ్లు కలిసినా గంపంతా పులుస్తుంది. దాన్ని అక్కడే వేరు చేయండి.

ఏరిన పువ్వు వెదురు గంపలో, జానెడు మందానికి మించకుండా వేయండి. గోనెసంచిలో కుక్కితే, ప్లాస్టిక్ కవర్లో మూతి కడితే అడుగు పువ్వు నలిగి రసం కారుతుంది, లోపల వేడి పుడుతుంది. మధ్యాహ్నానికల్లా ఆ సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. పులియడం మొదలైందన్నమాట. ఇక ఆ పువ్వు తిండికి రాదు. పచ్చిపువ్వు తీపి చూసి పిల్లలు గుప్పెళ్లకొద్దీ తింటారు, అతిగా తింటే కడుపు చెడుతుంది.

ఎండబెట్టడం

పచ్చిపువ్వులో నూటికి ఎనభై పాళ్లు నీరే. అంటే 5 కిలోల పచ్చిపువ్వు ఎండితే కిలో కాస్త పైన వస్తుంది. ఆ నీరు త్వరగా పోవాలి, కానీ పువ్వు ఉడికిపోకూడదు. కాలే రేకు మీద, తార్రోడ్డు మీద పోస్తే పైపొర గట్టిపడి లోపల తడి అలాగే ఉండిపోతుంది. నెల తిరక్కుండానే అక్కడి నుంచే బూజు పడుతుంది.

నేలకు మోకాలెత్తున వెదురు తడక కట్టి, దాని మీద పలుచటి గుడ్డ పరిచి పువ్వు పోయండి. కింద నుంచి కూడా గాలి ఆడటం వల్ల ఒక రోజు ముందే ఎండుతుంది. తడక కట్టుకునే వీలు లేకపోతే శుభ్రమైన టార్పాలిన్ చాలు. పేడ అలికిన కళ్లంలో ఎండబెట్టడం పాత పద్ధతే, తిండికి వాడే పువ్వుకు మాత్రం వద్దు. ఒక పువ్వు మందమే పరచండి. మొదటి రోజు మధ్యాహ్నం దాకా కదపొద్దు, తడి పువ్వును కలిపితే ఒకదానికొకటి అంటుకుని ఉండలవుతుంది. పైన కాస్త ఆరాక రోజుకు రెండుసార్లు చేత్తో తిరగేయండి. సాయంత్రం మంచు పడకముందే ఎత్తి కప్పెట్టాలి. మంచి ఎండలో మూడు నాలుగు రోజులు పడుతుంది. మబ్బు పడితే ఐదారు. అకాల వాన వచ్చే సూచన ఉంటే ఇంట్లో మంచాల మీద పలుచగా ఆరబోయండి, కుప్ప పోయొద్దు.

ఎండిందో లేదో మూడు గుర్తులు. రంగు ఇటుకరంగు కలిసిన గోధుమరంగులోకి మారాలి. గుప్పెట బిగించి వదిలితే ముద్దగా ఉండకుండా విడిపోవాలి. చాటలో ఊపితే గలగలమనాలి. రంగు ఒక్కటే చూసి ఎత్తేసేవాళ్లు ఎక్కువ, వానాకాలంలో పాడయ్యే పువ్వు చాలావరకు వాళ్లదే.

పువ్వు లోపల కేసరాలుంటాయి, అవి ఉంటే వగరు, గొంతులో గరగర. ఎండిన పువ్వును పలుచగా పరిచి సన్నటి బెత్తంతో మెల్లగా కొట్టి, రెండు చేతులతో నలిపితే రాలిపోతాయి. తర్వాత చాటలో చెరిగి, జల్లెడ పట్టండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ మానకండి. నిలవకు ముందు కడగొద్దు, నీళ్లు వండే ముందే.

ఎండుపువ్వులో సగానికి పైగా చక్కెరే, గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. అందుకే మూత గట్టిగా ఉండే డబ్బాలోనో, మూతికి గుడ్డ కట్టి మట్టి పూసిన కుండలోనో దాచండి. గోనెసంచిలో వేసి గోడకు ఆనించిన పువ్వు ఆషాఢానికి ఉండకట్టి, పురుగు పడుతుంది. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో తెరిపి ఇచ్చినప్పుడు ఇంకోసారి ఎండకు పెట్టండి.

లడ్డు

ఉట్నూరు ప్రాంతంలో గిరిజన మహిళా సంఘాలు చేసే ఇప్పలడ్డు ఇప్పుడు పట్నాల దాకా పోతోంది. ఇంట్లో నలభై లడ్లకు కొలత ఇది: బాగుచేసిన ఎండుపువ్వు అర కిలో, నువ్వులు పావు కిలో, పల్లీలు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, నెయ్యి రెండు మూడు చెంచాలు. పువ్వే తీపి కాబట్టి బెల్లం పెంచొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మామూలు మిఠాయి లాంటిదే, అడవి తిండి కదా అని ఎక్కువ పెట్టకండి.

పువ్వును మూడు నీళ్లలో గబగబా కడగండి. నానబెడితే తీపంతా నీళ్లలోకి పోతుంది. గుడ్డ మీద పరిచి ఒక రోజంతా మళ్లీ ఎండనివ్వండి. తడి ఉండగా వేయిస్తే ఆవిరికి మెత్తబడి పెనానికి అంటుకుంటుంది. మందపాటి మూకుడులో సన్నమంట మీద, పావు కిలో చొప్పున, ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ వేయించాలి. అందులో చక్కెర ఎక్కువ గనుక పెద్దమంట మీద క్షణంలో మాడుతుంది, మాడిన గుప్పెడు మొత్తం పిండికి చేదు పట్టిస్తుంది. వేడి మీద మెత్తగానే ఉంటుంది, కంగారుపడొద్దు. పళ్లెంలో పరిచి చల్లార్చాక విరిస్తే పటుక్కుమనాలి. సాగుతుంటే ఇంకో రెండు నిమిషాలు వేయించండి. వేడిగా ఉండగానే దంచితే రోట్లో ముద్దైపోతుంది.

నువ్వులు చిటపటలాడేదాకా, పల్లీలు పొట్టు ఊడేదాకా విడిగా వేయించండి. ముందు పువ్వు, తర్వాత పల్లీలు, నువ్వులు బరకగా దంచి, తురిమిన బెల్లం కలిపి నూనె ఊరేదాకా మళ్లీ దంచండి. ఆ నూనెతోనే ఉండ కడుతుంది. కట్టకపోతే గోరువెచ్చని నెయ్యి ఒక చెంచా. నీళ్లు, పాలు చల్లితే ఉండ నున్నగా వస్తుంది కానీ మూడో రోజుకే బూజు. సరిగా చేసినవి మూత ఉన్న డబ్బాలో రెండు మూడు వారాలు నిలుస్తాయి.

గింజ, నూనె

పువ్వు అయిపోయాక అదే చెట్టు కాయ కాస్తుంది. పచ్చికాయ కూరకు పనికొస్తుంది. పండు రాలేది తొలకరి రోజుల్లో, అక్కడే తొందర. వానకు తడిసిన గింజ మొలకెత్తుతుంది, బూజుపడుతుంది, దాని నూనె ఘాటుగా, పుల్లగా ఉంటుంది. ఏ రోజు గింజ ఆ రోజే ఏరి, గుజ్జు తీసి, పెంకు పగలగొట్టి, పప్పును ఐదారు రోజులు ఎండబెట్టండి. మూడు కిలోల ఎండుపప్పుకు గానుగలో కిలో దాకా నూనె దిగుతుంది. గానుగ లేని ఊళ్లలో పప్పు దంచి, అరగంట ఆవిరి మీద ఉడికించి, వేడి మీదే బుట్టలో కుక్కి, రెండు దుంగల మధ్య నొక్కి తీస్తారు. చల్లారితే నూనె దిగదు. వచ్చిన నూనెను చిటపట ఆగేదాకా కాచి వడకట్టండి, నీటి చుక్క మిగిలితే త్వరగా కంపు కొడుతుంది. చలికాలంలో నెయ్యిలా పేరుకోవడం దాని సహజగుణమే, పాడైనట్టు కాదు. దీపానికి, కాళ్ల పగుళ్లకు, అలవాటున్నవాళ్లకు వంటకు వాడుకోవచ్చు.

నూనె తీయగా మిగిలిన ఇప్పచెక్కలో సపోనిన్ అనే విషపదార్థం ఉంటుంది, పశువులకు పెట్టొద్దు. చేలో చల్లితే చెదలు, నత్తలు తగ్గుతాయి. మడి నీళ్లు కుంటలోకి పారే చోట మాత్రం వేయకండి, కుంటలో చేపలు చస్తాయి.